ఆడశిశువు పేరు: మొదటి భాగం

వీరవేణి ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: తన కూతురు పేరు లేకుండా ఒకటో తరగతిలో కూర్చుంటుందేమోనని.

ఉరుములకు భయపడదు. అత్తగారికి భయపడడం మానేసి రెండేళ్ళయింది. కుక్కలంటే కొంచెం బెదురే గానీ, అది చెప్పుకోదగ్గది కాదు. పిల్ల పేరు సంగతి గుర్తొస్తే మాత్రం చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయి, పోపు మాడిపోయేది.

పిల్ల పుట్టిన రోజున ఆసుపత్రిలో నర్సు పేరడిగితే, నాయనమ్మ ఒక పేరంది, అమ్మమ్మ ఇంకో పేరంది. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు. నర్సు డ్యూటీ అయిపోయి ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయింది. అందుచేత ఐదేళ్ళుగా ఆ పిల్ల ప్రభుత్వం దృష్టిలో "వీరవేణి గారి ఆడశిశువు". ఇంట్లో బుజ్జి. వీరవేణి మనసులో మాత్రం సిరిచందన.

"జూన్ పన్నెండు లోపల పేరున్న కాగితం తెచ్చుకోమ్మా" అంది బడిలో హెడ్‌మిస్ట్రెస్. "హాజరు పిలిచేటప్పుడు ఆడశిశువూ అని పిలవమంటావా? ఇంకో ఇద్దరు పలుకుతారు."

వీరవేణి నవ్వలేదు. తను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి మాన్పించారు. ఆ రోజు టీచరు రిజిస్టరులో తన పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టడం ఆమె కళ్ళారా చూసింది. కొట్టేయడానికైనా ముందు ఒక పేరు ఉండాలి. తన పిల్లకు అదీ లేదు.

గోగులంక పురపాలక సంఘం కార్యాలయంలో పేరు చేర్పించుకోవడం పెద్ద పనేం కాదు. ఒక కాగితం, ఒక సంతకం. ఆ ఒక్క సంతకానికి ఆరుసార్లు తిరగాలి, అంతే. ఊళ్ళో అందరూ తిరిగేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ తిరిగేవాళ్ళు. అన్నీ సవ్యంగా సాగుతున్న ఆ రోజుల్లోనే కమిషనర్ చిత్రభానుమూర్తి గారికి పచ్చకామెర్లు వచ్చాయి.

నలభై రోజులు మంచం దిగవద్దన్నాడు డాక్టరు. పొద్దుపోక ఆయన కథలుండే వీడియో ఆట ఒకటి మొదలుపెట్టారు. కామెర్లు తగ్గాయి, ఆట తగ్గలేదు. మూడు భాగాలూ పూర్తిచేసి, నాలుగో భాగం ఇంకా రాలేదని తెలిసి, దిగులుతో ఆఫీసుకు వచ్చి, స్టాఫ్ మీటింగ్ పెట్టారు.

"ఆ ఆటలో నేను ఏం చేశానయ్యా?" అని అడిగారు. "ఒక ఊళ్ళో ముసలావిడ ఉత్తరం ఇచ్చింది. తీసుకెళ్ళి పక్కూరి కమ్మరికి ఇచ్చాను. వాడు మేకులు తెస్తే గానీ మాట్లాడనన్నాడు. మేకుల కోసం కొండెక్కాను. కొండ మీదవాడు సంతకం తెమ్మన్నాడు. తొంభై గంటలు అలా తిరిగాను. ఒక్కసారైనా విసుక్కున్నానా? అయిపోతే ఏడ్చాను! ఆ సాయంత్రమే రెండో భాగం తెప్పించుకున్నాను. మనం కూడా జనం చేత అక్షరాలా అదే చేయిస్తున్నాం. మరి వాళ్ళు మనల్ని ఎందుకు తిడుతున్నారు?"

జనన మరణాల గుమస్తా సోమలింగం, తిడుతున్న మాట నిజమేనన్నట్టు తలూపాడు.

"కథ లేదు!" అని బల్ల చరిచారు కమిషనర్ గారు. "మన దగ్గర తిప్పట ఉంది. కథ లేదు!"

మర్నాడే గోడ మీద ప్రకటన వెలిసింది.

"ఇందుమూలముగా గోగులంక పురపాలక సంఘ పరిధిలోని సమస్త పౌరులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమునందు దరఖాస్తులు స్వీకరింపబడవు. సాహసములు మాత్రమే స్వీకరింపబడును. దరఖాస్తుదారు అను పదము రద్దు చేయడమైనది. దాని స్థానే కథానాయకుడు లేక కథానాయిక అని చదువుకొనవలెను. కథను ముందుగా ఇతరులకు వెల్లడించువారిపై తగు చర్య గైకొనబడును."

మే ఇరవైన వీరవేణి కాగితం పట్టుకుని వెళ్ళేసరికి సోమలింగం నెత్తిన బంగారురంగు అట్ట కిరీటం ఉంది. జిగురు ఇంకా ఆరలేదు, చెవి మీదికి కారుతోంది.

"ఏ పాత్ర?" అన్నాడు.

"పాత్ర కాదండి, పేరండి. మా పిల్లకి."

"ముందు నీ పాత్ర. యోధులు ఎడమ, మాంత్రికులు కుడి, సంచారులు మెట్ల కింద, దొంగలు ఆ చివర."

దొంగల వరస బొత్తిగా ఖాళీగా ఉంది. వీరవేణి ఆశగా అటు చూసింది.

"వాళ్ళ పనులు పొద్దున్నే ఆఫీసర్ల ఇళ్ళ దగ్గరే అయిపోతాయమ్మా" అన్నాడు సోమలింగం. "ఇక్కడిదాకా రారు."

ఎలాగూ తిరగక తప్పదు కదా అని వీరవేణి సంచారి అని రాయించుకుంది.

"పూర్వకథ చెప్పు. రెండు వందల మాటలకు తగ్గకూడదు."

"మాది ఏటి అవతలండి. ఎనిమిది దాకా చదివానండి. పెళ్ళయిందండి. ఆయన లారీ మీద తిరుగుతారండి. పిల్ల పుట్టిందండి. దానికి పేరు కావాలండి."

సోమలింగం కలం కింద పెట్టేశాడు. "ఇది కథా అమ్మా? రేషన్ కార్డులాగుంది. నీకు ద్రోహం ఎవరు చేశారు?"

"ద్రోహమంటే..." వీరవేణి ఆలోచించింది. "మా ఆడపడుచు నా కుక్కరు పట్టుకెళ్ళి ఇవ్వలేదండి."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళండి. నా పుట్టింటోళ్ళు పెట్టిందండి."

"ఆఁ! అదీ!" అని, పుస్తకంలో 'రాజ్యాపహరణ' అని రాసుకున్నాడు. "ఇప్పుడు పూర్వకథ కుదిరింది. ఒంటరిగా వెళ్ళకూడదు, సహచరుడు ఉండాలి. అదిగో, ఆయన."

ఆయన బుల్లెబ్బాయి తాత. డెబ్బై రెండేళ్ళు, గళ్ళ లుంగీ, భుజాన ఎర్ర తువ్వాలు. వంతెన కట్టకముందు ఏటి మీద పంటు నడిపేవాడు. ఆ ఇంజను మోత పక్కనే ముప్పై ఏళ్ళు కూర్చుని కుడిచెవి పోగొట్టుకున్నాడు. ఎడమచెవి దగ్గర గట్టిగా చెబితే వినిపిస్తుంది. ఆయనకు కావాల్సింది వాళ్ళింటి ముందు వీధి స్తంభానికి ఒక బల్బు.

"మా ఆడదానికి రేసీకటి" అన్నాడు. "సందేళయితే గుమ్మం దిగలేదు. బల్బు ఎయ్యండ్రా బాబూ అని పదకొండు నెల్ల నించి తిరుగుతున్నాను. నిన్నటిదాకా ఊరికే తిరిగేవోణ్ణి. ఇయ్యాల్టి నించి యోధుణ్ణంట. సూడు, కత్తి కూడా ఇచ్చారు."

అట్టకత్తి. దాని మీద 'ప్రభుత్వ ఆస్తి' అని ముద్ర ఉంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి బయల్దేరారు. ఎక్కిన ప్రతి లెవెల్‌కూ ఒక పుస్తకంలో గుర్తు పెడతారు. సాయంత్రం ఐదింటికి ఆ అంతస్తు గుమస్తా దాని మీద ముద్ర వేస్తే, మర్నాడు ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. ముద్ర లేకుండా గేటు దాటితే మళ్ళీ మొదటి లెవెల్.

పిల్ల బతికే ఉన్నట్టు శానిటరీ ఇన్‌స్పెక్టరు సంతకం చేయాలి. ఆయన, పోయిన వానాకాలంలో పోయిన తన గొడుగు దొరికితే గానీ సంతకం చేయనన్నాడు. గొడుగు కుళాయిల విభాగంలో ఉంది. అక్కడ కూర్చునే మేడమ్ ఇప్పుడు జలదేవత. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళకే గొడుగు.

"ఓ బాటసారులారా!" అంది జలదేవత, కాగితం చూసి చదువుతూ. "ఈ పురమునందు నీళ్ళు ఎప్పుడు వచ్చును?"

ఆ ప్రశ్న దగ్గర నలభైమంది రోజుల తరబడి ఆగిపోయి ఉన్నారు. పొద్దున ఐదని ఒకరు, సాయంత్రం ఆరని ఒకరు, రోజు విడిచి రోజని ఒకరు చెప్పి చూశారు. అన్నీ తప్పే.

బుల్లెబ్బాయి తాత ఎడమచెవి ముందుకు పెట్టి ప్రశ్న మళ్ళీ అడిగించుకున్నాడు. "మోటారు కాడ సత్తిగాడు నిద్దర లేసాకండి" అన్నాడు.

జలదేవత కుర్చీలోంచి లేచి నిలబడింది. "నా సర్వీసులో సరైన జవాబు ఇదే మొదటిసారి" అని కాగితంలో లేని మాట అనేసి, గొడుగు తీసి ఇచ్చింది. వరసలో ఉన్న నలభైమందీ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక వీరవేణి ఈ సంగతంతా బుజ్జికి చెప్పింది. పిల్ల నోరు తెరుచుకుని విని, "తర్వాత?" అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరి "ఆ తర్వాతో?" అన్నారు. వీరవేణిని తర్వాత ఏమైందని జీవితంలో ఎవరూ అడగలేదు. ఏం వండావని అడిగారు, ఎక్కడ పెట్టావని అడిగారు. తర్వాత ఏమైందన్న మాట వినగానే ఆమెకు వెన్ను నిటారుగా అయింది.

మర్నాడు ఆరింటికే లేచి రెండు క్యారేజీలు కట్టుకుంది, ఒకటి తాతకు.

అబద్ధమెందుకు, ఊరు ఊరంతా అలాగే అయింది. ఆరుసార్లు తిరిగితే పళ్ళు కొరికే మనుషులు పదహారోసారి చాప చంకన పెట్టుకుని వస్తున్నారు. ఇంటి ప్లాను కోసం వచ్చిన ఒకాయనకు పొరపాటున మూడో రోజే అనుమతి ఇచ్చేశారు. ఆయన దాన్ని కౌంటరు మీద విసిరికొట్టి, "నా తమ్ముడి మీద పగ తీరకుండా ప్లాను ఇస్తారేంటండీ? నేనేం చులకనయ్యానా మీకు?" అని ధర్నాకు కూర్చున్నాడు. కమిషనర్ గారు స్వయంగా క్షమాపణ చెప్పి, అనుమతి వెనక్కి తీసుకున్నారు. పక్క ఊళ్ళ మునిసిపాలిటీల వాళ్ళు బస్సులేసుకుని వచ్చి చూసి వెళ్ళారు. ఫిర్యాదుల పెట్టె ఖాళీ అయింది. అందులో కిరీటాలు పెట్టుకున్నారు.

వీరవేణి, తాత రెండో అంతస్తు దాకా వచ్చారు. దారిలో రెవెన్యూ విభాగం పిల్లిని వెతికిపెట్టారు. చెత్తబండి డ్రైవరుకీ మేస్త్రీకీ రాజీ కుదిర్చారు. బుల్లెబ్బాయి తాత పాత పంటు పాటొకటి పాడితే టౌన్ ప్లానింగ్ వాళ్ళు కళ్ళు తుడుచుకుని రెండు లెవెల్స్ ఒకేసారి ఎక్కించారు.

ఒక సాయంత్రం పిల్లి కథ చెబుతుంటే బుజ్జి మధ్యలో ఆపింది.

"అమ్మా, మరి ఈ కథలో నా పేరు ఎప్పుడొస్తది?"

వీరవేణి క్యాలెండరు వైపు చూసింది. జూన్ తొమ్మిది. పిల్లి దొరికిన ఆనందంలో నాలుగు రోజులు ఎటు పోయాయో ఆమెకు తెలియలేదు. పొయ్యి మీద పోపు మాడిన వాసన వచ్చింది.

పదో తారీఖున గేటు తీయకముందే నిలబడి, తాత చెయ్యి పట్టుకుని, దారిలో ఎవరి పిల్లినీ పలకరించకుండా సరాసరి మూడో అంతస్తుకు ఎక్కించింది.

మూడో అంతస్తులో ఒక పక్క రికార్డు గది, ఒక పక్క కమిషనర్ గారి గది. ఆఖరి ప్రతినాయకుడి వేషం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తనే వేసుకున్నారు. నల్ల దుప్పటి కప్పుకుని, ఏసీ బాగా పెంచుకుని, చీకట్లో కూర్చుని ఉన్నారు.

"ఓయీ కథానాయికా!" అన్నారు గంభీరంగా. "నీ వినతి మా పరిశీలనలో యున్నది. ఆ పరిశీలన సైతము మా పరిశీలనలో యున్నది. ఇంతదాకా వచ్చినవారు బహు కొద్దిమంది. ఇప్పుడు నీవు ఒక నిర్ణయము గైకొనవలెను. దాని ఫలితము వెనక్కి తీసుకొనబడదు."

సోమలింగం ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడు మీటలు. ఒకటి: నా పని కానివ్వండి, సహచరుడు రికార్డు గదిలో ఉండిపోతాడు. రెండు: సహచరుడి పని కానివ్వండి, నేను ఉండిపోతాను. మూడు: ఇద్దరి పనీ కానివ్వండి.

"మూడండి" అంది వీరవేణి వెంటనే.

"మూడోది రెండో భాగంలో తెరుచుకుంటుంది" అన్నారు కమిషనర్ గారు.

"అదేంటండీ! రెండు సంతకాలే కదండీ. పెట్టేస్తే పెన్ను అరిగిపోద్దా?"

కమిషనర్ గారు దుప్పటి కొంచెం పక్కకు తీసి, మామూలు గొంతుతో చెప్పారు. "సంతకానికేముందమ్మా, ఇక్కడికిక్కడ పెట్టేస్తాను. కానీ అందరికీ అన్నీ అయిపోతే గుండె బరువెక్కదు కదా. గుండె బరువెక్కకపోతే రెండో భాగానికి ఎవరొస్తారు చెప్పు?"

వీరవేణి తాత వైపు చూసింది. అక్కడ జరిగిందేదీ ఆయనకు వినపడలేదు. ఎడమచెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పింది. చెప్పడం అయ్యేసరికి ఆయన ఎర్ర తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుంటోంది.

"దానికి ఏడుపెందుకే బుల్లెమ్మా?" అన్నాడు బుల్లెబ్బాయి తాత. "ఒకటి నొక్కు. నా బల్బు పదకొండు నెల్లు ఆగింది, ఇంకో నెల ఆగుద్ది. నీ పిల్ల బడి ఆగుద్దా?" రికార్డు గదిలోకి తనే నడిచి, కిటికీ పక్కన పాత ఫైళ్ళ మూట ఒకటి చూసుకుని దాని మీద కూర్చున్నాడు. అట్టకత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎల్లు, ఎల్లు. మా ఆడదానికి సెప్పు, క్యారేజీ పంపమని."

వీరవేణి ఒకటి నొక్కింది. గుమస్తాలంతా ఏడ్చారు. కమిషనర్ గారు దుప్పటి కొంగుతో ముక్కు తుడుచుకుని, "అద్భుతం" అని సంతకం పెట్టారు.

కింద కౌంటరులో కాగితం చేతికొచ్చింది. పేరు అన్న గడిలో నల్లసిరాతో 'సిరి (సశేషం)' అని ఉంది.

"చందన ఏదండీ?"

"చందన రెండో భాగంలో వస్తుందమ్మా" అన్నాడు సోమలింగం, కళ్ళు వత్తుకుంటూ. "నాకు ముందే తెలుసు. చెబితే ఉద్యోగం పోతుంది."

బడిలో హెడ్‌మిస్ట్రెస్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక వరసలో ఇంకా ముప్పైమంది ఉన్నారు. సశేషం అన్నది ఇంటిపేరనుకుని, రిజిస్టరులో 'సశేషం సిరి' అని రాసేసుకుంది. వీరవేణి ఆ పేరు మీద గీతేమీ లేదని రెండుసార్లు చూసుకుని బయటికొచ్చింది. పన్నెండున బుజ్జి ఎస్. సిరిగా రెండో బెంచీలో కూర్చుంది, పిలవగానే పలికింది.

అక్కడితో వీరవేణి భయం తీరిపోవాలి. తీరింది కూడా. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది.

ఒక అంతస్తు నుంచి ఇంటికి వెళ్ళాలంటే ముద్ర వేయించుకోవాలన్నాం కదా. మూడో అంతస్తుకు ముద్ర ఇంకా రాలేదు. ఆర్డరు పెట్టారు, ఆ ఫైలు రికార్డు గదిలో ఉంది, బహుశా తాత కూర్చున్న మూటలోనే. ముద్ర లేకుండా గేటు దాటితే ఆయన సాహసమంతా మొదటి లెవెల్‌కు పోతుంది. అందుకని ఆయన గేటు దాటడం లేదు. తలుపుకు గొళ్ళెం కూడా లేదు.

అది తెలిసిన రోజే వీరవేణి ఆటోస్టాండు దగ్గర కరెంటు పనిచేసే మోషేను బతిమాలి తాతగారి వీధికి తీసుకెళ్ళింది. మోషే స్తంభమెక్కి బల్బు పెట్టి దిగడానికి ఐదు నిమిషాలు పట్టింది, అందులో రెండు నిమిషాలు నిచ్చెన కోసం. దీపాలు పెట్టే వేళకు వీధంతా వెలిగింది. తాత భార్య సూరాయమ్మ గుమ్మం పట్టుకుని ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. వీధి మధ్యలో నిలబడి, "ఇదిగో అమ్మాయ్, ఇక నా ముసలోణ్ణి రమ్మను" అంది.

రమ్మని చెప్పడానికే దారి లేదు. ఆట పూర్తిచేసినవారికి రెండో భాగం వచ్చేదాకా లోపలికి ప్రవేశం లేదు. వాళ్ళు కథ ముందే చెప్పేస్తారట. కథానాయకుల కుటుంబసభ్యులకూ ప్రవేశం లేదు. వాళ్ళ కన్నీళ్ళు కథను పక్కదారి పట్టిస్తాయట. క్యారేజీ అడుగున చీటీ పెడితే, గేటు దగ్గర అటెండరు తీసి చదివి, "ఇది ముగింపమ్మా, పంపకూడదు" అని చించేశాడు. వీరవేణి, సూరాయమ్మ రోడ్డు మీద నిలబడి మూడో అంతస్తు వైపు కేకలు పెట్టారు. బుల్లెబ్బాయి తాత కిటికీలోంచి సంతోషంగా చెయ్యూపి, రేపు గోంగూర పెట్టమని సైగ చేశాడు.

రెండో భాగం శ్రావణంలో అన్నారు. తర్వాత, నాణ్యత దృష్ట్యా దసరాకన్నారు. ఇప్పుడు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి అంటించారు. అందులో అట్టకత్తి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డ ముసలాయన ఉన్నాడు, కింద తారీఖు లేదు. దాన్ని చూడటానికి జనం వస్తున్నారు. ఆయన చివరికి దిగుతాడా దిగడా అని పందాలు కాస్తున్నారు.

మీరింకా ఆట మొదలుపెట్టలేదు కాబట్టి మిమ్మల్ని గేటు దగ్గర ఆపరు. గోగులంక మునిసిపాలిటీలో మీకు ఏ చిన్న పని పడినా, యోధులో మాంత్రికులో ఏదో ఒకటి రాయించుకుని మూడో అంతస్తుకు ఎక్కండి. జలదేవత అడిగితే సత్తిగాడి పేరు చెప్పండి. రికార్డు గదిలో కిటికీ పక్కన గళ్ళ లుంగీతో ఒకాయన ఉంటారు. ఎడమచెవి దగ్గర గట్టిగా చెప్పండి, దీపం వెలుగుతోందని, సూరాయమ్మ వీధిలోకి వచ్చి నిలబడుతోందని. తర్వాత ఏమవుతుందో చూసి గానీ రానని ఆయన అంటే, పోనీలెండి, బలవంతపెట్టకండి. అన్నం వేళకు తింటున్నాడో లేదో మాత్రం ఒకసారి చూసి రండి.